అభివృద్ధి మా గృహప్రవేశం దాకా చాలు

గంజాం జిల్లాలో మా కాలనీ వెనక బందలో, అంటే చెరువులో, ఐదంతస్తుల అపార్టుమెంటు వస్తోంది. ప్లాను పరిశీలనలో ఉంది, అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు. దసరా పందిరి ఎక్కడ వెయ్యాలో ఏనాడూ తేల్చుకోలేని మేం, తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఒక్కటై, ఒక్క సాయంత్రంలో రాసిచ్చేశాం.

నీటి వనరుల మీద మాకున్న భక్తి అలాంటిది. అది ఈమధ్యే పుట్టిందని కొందరు గిట్టనివాళ్లు అంటున్నారు. మేం ఇళ్లు కట్టుకున్న రోజుల్లో అది ఉత్త పల్లం. భూమి రికార్డులో కిసమ్, అంటే భూమి రకం, జలాశయం అని ఉంటే ఉండొచ్చు, మేం చదవలేదు. బిల్డరు పునాది తవ్వించాకే అది మా తాతల నాటి బంద అయింది.

ఒడిశాలో సాగు భూమిలో ఇల్లు కట్టాలంటే భూసంస్కరణల చట్టం 8-ఏ కింద తహసీల్దారుకి దరఖాస్తు పెట్టి దాన్ని ఘరబారీగా, అంటే ఇంటిస్థలంగా, మార్పించుకోవాలి. బిల్డరు ఆ కాగితం చూపించాలని గట్టిగా పట్టుబట్టాం. మాలో ఎవరెవరి దగ్గర ఉందని ఆయన ఎదురడిగాడు. పెద్దమనుషులతో మాట్లాడే తీరేనా అది?

చెరువులు, కుంటలు కాపాడుకోవాల్సినవనీ, ఇళ్ల స్థలాలుగా పంచిపెట్టడానికి కాదనీ సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. మా అభ్యంతరాల్లో మొదటి పేరా అదే. 2011లో అదే కోర్టు పంజాబులోని ఒక ఊరి చెరువు కేసులో ఇంకో మాట అంది: ఎన్నేళ్లుగా ఉంటున్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా, ఆక్రమించినవాళ్లు ఖాళీ చెయ్యాల్సిందేనని. అది మేం రాయలేదు. కోర్టువారి విలువైన మాటల్ని అవసరానికి మించి వాడకూడదు.

పరిశీలనకు వచ్చిన అధికారి రోడ్డు మీదే నిలబడి ప్లాను చూశారు. చెప్పులకి బురద అంటలేదు. ప్లానులో మాత్రం అన్నీ ఉన్నాయి: సెట్‌బ్యాక్, పార్కింగ్, పచ్చదనం, వాననీటికి ఇంకుడుగుంత. ఈ చివరిదానికి బిల్డరుని మెచ్చుకోవాలి. బందంతా పూడ్చేసి, ఓ మూల నాలుగడుగుల గుంత వదిలి, నీటి సంరక్షణ అని రాయడానికి గుండె ధైర్యం కావాలి.

కట్టడంలో లోపం ఐదేళ్లలో బయటపడితే స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా ప్రకారం బిల్డరు సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి కదా అని అధికారి ధైర్యం చెప్పారు. బంద ఓపిక ముందు ఐదేళ్లు ఏపాటి? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా హాళ్లలోకి నీళ్లొచ్చాయి. కాలువ మీద మేం పోసుకున్న ర్యాంపుల వల్ల కాదు, అది ప్రకృతి విపత్తు. ఇకమీదట వస్తే మాత్రం బిల్డరు తెచ్చిన విపత్తే, దీని మీద తీర్మానం కూడా చేశాం.

మిగతావి చిన్నవి: బ్యాచిలర్లకు అద్దెకిస్తారేమోనని ఒకరికి టెన్షన్, ఎండుచేపల వాసన వస్తుందని ఇంకొకరికి, మేడ మీద వడియాలు ఎండబెట్టుకుంటే పైనుంచి చూస్తారని మా పక్కింటి పిన్నిగారికి. ఇవి కూడా పర్యావరణం కిందే రాశాం.

మొన్న బిల్డరు ఆఫీసు దగ్గర మా సంఘం కార్యదర్శిగారు కనబడ్డారు.

"ఏం బావగారూ, ఇటొచ్చారు?"

"రేటు కనుక్కుందామని. తూర్పు ముఖం, మూడో అంతస్తు. మా చిన్నాడికి."

అభ్యంతరాల కాగితం మీద మొదటి సంతకం ఆయనదే. నాకిందులో తప్పేమీ కనబడలేదు. అపార్టుమెంటు వెనక ఇంకా పొలాలున్నాయి, రేపో మాపో అక్కడా ఎవడో ఒకడు కడతాడు. అప్పుడు అభ్యంతరం చెప్పాలంటే ముందు ఇక్కడ ఫ్లాటు ఉండాలి కదా!