ముందు గాలి, ఆపై నిద్ర, ఆ తర్వాతే తోట

ఆసుపత్రి భవనానికీ రోగి కోలుకోవడానికీ సంబంధం ఉందని చెప్పదలచినవారు మొదట ప్రస్తావించేది 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనాన్నే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో 1972-81 మధ్య పిత్తాశయం తొలగింపు శస్త్రచికిత్స చేయించుకున్నవారి రికార్డులను ఆయన పరిశీలించారు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న 23 మందిని, ఇటుక గోడ తప్ప మరేమీ కనిపించని గదుల్లో ఉన్న 23 మందితో వయసు, లింగం వంటి అంశాలను బట్టి జతపరచి పోల్చారు. మొదటివారు శస్త్రచికిత్స తర్వాత సగటున 7.96 రోజులు, రెండోవారు 8.70 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చెట్లు కనిపించినవారు బలమైన నొప్పి మందులు కూడా తక్కువగానే వాడారు.

అధ్యయనం చక్కనిదే, కానీ దాని మీద మోపిన భారం మాత్రం ఎక్కువ. ఒకే ఆసుపత్రిలో, ఒకే రకం శస్త్రచికిత్స జరిగిన 46 మంది అనుభవాన్ని ఆధారం చేసుకుని ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో ఆసుపత్రులు తమ అద్దాల హాళ్లను, జలపాతాలను, గోడల మీది ప్రకృతి చిత్రాలను సమర్థించుకున్నాయి. భవన రూపకల్పన ఆరోగ్యాన్ని ప్రభావితం చేస్తుందనడంలో నాకు సందేహం లేదు. అయితే ఏ అంశానికి ఎంత బలమైన ఆధారం ఉంది, దానిపై ఎంత చర్చ జరుగుతోంది అని పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ దాదాపు తలకిందులుగా కనిపిస్తాయి. అన్నిటికంటే గట్టి ఆధారాలున్నది గాలి విషయంలో. ఆసుపత్రుల ప్రచార పత్రాల్లో అన్నిటికంటే తక్కువగా కనిపించేదీ అదే.

ఈ సంగతి కొత్తది కాదు. క్రిమియా యుద్ధకాలంలో, 1855 ఫిబ్రవరిలో, ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారీలోని బ్రిటిష్ సైనిక ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 40 మందికి పైగా మరణించారు. మార్చిలో వచ్చిన పారిశుధ్య సంఘం భవనం కింద పేరుకుపోయిన మురుగును తొలగించి, గాలి ఆడేలా మార్పులు చేయించింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండు దరిదాపులకు తగ్గాయి. చలికాలం ముగియడం, రోగుల రద్దీ తగ్గడం కూడా ఇందుకు తోడ్పడి ఉండవచ్చు కాబట్టి మొత్తం ఘనత గాలికే ఇవ్వలేం. అయినా అక్కడ నర్సుల బృందానికి నాయకత్వం వహించిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ అనుభవం నుంచి తీసిన పాఠం స్పష్టంగా ఉంది: రోగికి హాని చేయకపోవడమే ఆసుపత్రికి ఉండవలసిన మొదటి లక్షణం. రెండు వైపులా ఎత్తైన కిటికీలతో, వాటి మధ్య పడకలతో, ఎత్తైన పైకప్పుతో పొడవాటి వార్డులు కట్టాలని ఆమె పట్టుబట్టారు. చెడుగాలే జబ్బులకు మూలమన్న అప్పటి నమ్మకం ఆమె వాదనకు పునాది. సిద్ధాంతం తప్పయినా దాన్ని నమ్ముకుని కట్టిన వార్డులు మాత్రం సరైనవే అయ్యాయి.

సూక్ష్మజీవుల సిద్ధాంతం స్థిరపడి, యాంటీబయోటిక్స్ వచ్చాక భవనాల మీద శ్రద్ధ సడలింది. మధ్యలో నడవా, రెండు పక్కలా గదులు, తక్కువ ఎత్తు పైకప్పులు, తెరుచుకోని కిటికీలు ప్రమాణమయ్యాయి. దీని పర్యవసానమేమిటో పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల్లో కొలిచి చూసిన పరిశోధకులు 2007లో ప్రకటించారు. 1950కి ముందు కట్టిన గదుల్లో కిటికీలు, తలుపులు తెరిచి ఉంచితే గంటకు 40 సార్లు గాలి మారింది. అదే పద్ధతిలో కొత్త భవనాల్లో 17 సార్లు మాత్రమే మారింది. గాలి ద్వారా సోకే జబ్బులున్నవారిని విడిగా ఉంచే, యంత్రాలతో గాలి అందించే గదులకు నిర్దేశిత ప్రమాణం గంటకు 12. చికిత్స మొదలుకాని క్షయ రోగులున్న గదిలో ఆరోగ్యవంతులు ఒక రోజంతా గడిపితే ఎందరికి వ్యాధి సోకవచ్చో గణితపరంగా అంచనా వేసినప్పుడు యంత్రాల గదుల్లో నూటికి 39 మంది, కొత్త భవనాల్లో 33 మంది, పాత భవనాల్లో 11 మంది అని తేలింది. ఆధునికతకు చిహ్నాలుగా కట్టిన గదులు పాతవాటి ముందు తేలిపోయాయి.

దీన్ని లెక్కల వరకే పరిమితమైన ముప్పుగా కొట్టిపారేయలేం. దక్షిణాఫ్రికాలోని టుగేలా ఫెర్రీలో దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ సోకిన 53 మందిలో 52 మంది మరణించారని 2006లో వెల్లడైంది. వారిలో ఎక్కువమంది అంతకుముందు ఆసుపత్రిలో ఉండి వెళ్లినవారే. ఇలాంటి అనుభవాలను దృష్టిలో పెట్టుకునే రువాండాలో 2011లో ప్రారంభమైన బుటారో ఆసుపత్రిని వేరేగా రూపొందించారు. లోపలి నడవాలను వదిలేసి రాకపోకలకు ఆరుబయటి వరండాలు పెట్టారు. పడకలను వార్డు మధ్యకు జరిపి, రోగుల ముఖం కిటికీల వైపు ఉండేలా తిప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం సహజంగా గాలి ఆడే సాధారణ వార్డుల్లో ఒక్కొక్క రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి అందాలి. గాలి వీచని రాత్రుల్లో, గడ్డకట్టే చలిలో, బయటి గాలే కలుషితమైన చోట కిటికీ ఒక్కటే సరిపోదు. అక్కడ యంత్రాలు తప్పవు. వాటిని నిత్యం నిర్వహించే సిబ్బంది, నిధులు అంతకన్నా తప్పవు.

గాలి తర్వాత చెప్పుకోవలసింది స్పర్శ ద్వారా, నీటి ద్వారా వ్యాపించే అంటువ్యాధులు. మాంట్రియల్‌లో ఒక ఐసీయూను పూర్తిగా ఒంటరి గదులుగా, అంటే ఒక్కో రోగికి ఒక్కో గదిగా, మార్చాక ప్రమాదకర బ్యాక్టీరియా సోకడం 54 శాతం తగ్గిందని, అలా మార్చని మరో ఆసుపత్రి ఐసీయూతో పోల్చి చూసిన పరిశోధకులు 2011లో ప్రకటించారు. మంచి ఉద్దేశం ఎదురుతిరిగిన సందర్భాలూ ఉన్నాయి. టొరంటోలో ఒక ఐసీయూలో చేతులు కడుక్కోవడానికి పెట్టిన వాష్‌బేసిన్లే అంటువ్యాధికి కేంద్రాలయ్యాయి. కొళాయి ధార నేరుగా డ్రైనేజీ రంధ్రం మీద పడటంతో అందులో తిష్ఠవేసిన బ్యాక్టీరియా నీటి తుంపరలతో మీటరు దూరం దాకా చిమ్మింది. బేసిన్ లోతు, కొళాయి కోణం, పక్కన మందులు సిద్ధం చేసే బల్ల ఎంత దూరంలో ఉందన్న చిన్న విషయాలు ప్రాణాలను శాసించాయి.

ఇక శబ్దం. రాత్రి వేళ వార్డులో సగటు శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. అప్పటిదాకా వెలువడిన కొలతలన్నిటినీ జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2005లో క్రోడీకరించగా, 1960 తర్వాత ఆసుపత్రుల్లో పగటి శబ్దం 57 నుంచి 72 డెసిబెల్స్‌కు, రాత్రి శబ్దం 42 నుంచి 60కి పెరిగినట్టు తేలింది. ఈ కొలమానంలో పది అంకెలు పెరిగితే శబ్దశక్తి పదింతలైనట్టు లెక్క. నిద్రపోనివ్వని చోట ఎవరైనా త్వరగా కోలుకోవాలని ఆశించడం అత్యాశే. శుభ్రపరచడానికి వీలుగా వేసిన నున్నటి నేల, గట్టి గోడలు ప్రతి చప్పుడునూ తిప్పికొడతాయి. పరిశుభ్రతకూ నిశ్శబ్దానికీ ఇక్కడ నిజంగానే పేచీ ఉంది. స్టాక్‌హోమ్ సమీపంలోని హుడింగె ఆసుపత్రి గుండె జబ్బుల ఐసీయూలో పైకప్పు పలకలు మాత్రమే మార్చి చూశారు. శబ్దాన్ని పీల్చుకునే పలకలు ఉన్న కాలంలో చికిత్స పొందినవారు తిరిగి ఆసుపత్రిలో చేరవలసి రావడం తగ్గింది. సిబ్బంది తమతో మర్యాదగా మెలిగారని చెప్పినవారూ ఆ కాలంలోనే ఎక్కువ. ఈ రెండో ఫలితం నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. గోల మధ్య పనిచేసే నర్సు విసుక్కుంటే ఆ తప్పును మనిషి మీద వేయడం మనకు అలవాటు.

ఖర్చు లేని మార్పుకు అహ్మదాబాద్ మంచి ఉదాహరణ. 2010 వడగాడ్పుల అనుభవం తర్వాత అక్కడి ఒక ఆసుపత్రిలో, ఎండకు కాగే పైకప్పు కిందనున్న ప్రసూతి వార్డును దిగువ అంతస్తుకు మార్చారు. వేడి వల్ల నవజాత శిశువులను ప్రత్యేక విభాగంలో చేర్చవలసి రావడం గణనీయంగా తగ్గింది. ఏ వార్డు ఏ అంతస్తులో ఉండాలో మొదటి నక్షా గీసేవారు కాసేపు ఆలోచించి ఉంటే తర్వాత మార్చే పనే ఉండేది కాదు.

అలాగని వెలుతురు, తోట, దృశ్యం దండగ అనడం నా ఉద్దేశం కాదు. పిట్స్‌బర్గ్‌లో వెన్నెముక శస్త్రచికిత్స జరిగినవారిలో ఎండ బాగా పడే గదుల్లో ఉన్నవారు గంటకు సగటున 22 శాతం తక్కువ నొప్పి మందులు వాడారు. గోథెన్‌బర్గ్‌లో 2006లో తెరిచిన మానసిక చికిత్సాలయంలో ఒంటరి గదులు, తోటలు, కదిలించుకోగల కుర్చీలున్న విశాలమైన ఉమ్మడి స్థలాలు ఏర్పాటు చేశాక రోగులను కట్టివేయవలసిన సందర్భాలు సగానికి తగ్గాయి. ఇన్ని మార్పులు ఒకేసారి జరిగినప్పుడు ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. అసలు ప్రతి కిటికీకీ ఎన్ని రోజులు ముందుగా ఇంటికి పంపగలిగామన్న లెక్క చూపించాలని అడగడమే సరికాదు. ఆకాశం కనబడటం, చాటుగా బట్టలు మార్చుకోగలగడం, తోడు వచ్చినవారికి కూర్చునే చోటు దొరకడం మర్యాదకు సంబంధించినవి. వాటిని ఆ పేరుతోనే కోరవచ్చు.

ఒంటరి గదుల విషయంలో లాభనష్టాలు ఎంతగా పెనవేసుకుని ఉన్నాయో ఇంగ్లండ్‌లోని పెంబరీ ఆసుపత్రి చూపించింది. రోగులందరికీ ఒంటరి గదులిచ్చిన ఆ ఆసుపత్రిలో ఏకాంతం దొరికిందని ఎక్కువమంది సంతోషించారు, కొందరు పలకరించే మనిషి లేక ఒంటరితనానికి లోనయ్యారు. నర్సుల నడక పెరిగింది. ఒక్క చూపులో రోగులందరినీ గమనించే వీలు పోయింది. ఐసీయూలో తిరుగులేని నిర్ణయమైన ఒంటరి గది, పడిపోయే ప్రమాదమున్న వృద్ధుల వార్డులో అదే స్థాయిలో మేలు చేస్తుందని చెప్పలేం.

ఆధారాల క్రమానికీ ప్రాధాన్యాల క్రమానికీ ఇంత తేడా రావడానికి కారణాలు సాధారణమైనవే. స్వాగత మందిరం ఫొటోలో కనబడుతుంది, గాలి కనబడదు. కట్టడానికి డబ్బిచ్చే ఖాతా ఒకటి, నడపడానికి ఇచ్చే ఖాతా మరొకటి కావడంతో పైకప్పు ఎత్తు తగ్గించి మిగిల్చిన సొమ్ము నిర్మాణ లెక్కలో పొదుపుగా నమోదవుతుంది. దానివల్ల పెరిగిన ఇన్ఫెక్షన్ల ఖర్చు వేరే పద్దులో కలిసిపోతుంది. ఆర్కిటెక్టు భవనం అప్పగించి వెళ్లాక అది ఎలా పనిచేస్తోందో చూడమని ఒప్పందంలో చాలాచోట్ల రాసి ఉండదు. కొత్త మందు విడుదలైన తర్వాత కూడా దాని దుష్ప్రభావాలను నమోదు చేసే వ్యవస్థలు ఉన్నాయి. వందల మంది రాత్రింబవళ్లు పీల్చే గాలికి అలాంటి ఏర్పాటు అరుదు.

భవనం వాడుకలోకి వచ్చిన ఏడాదికి, మళ్లీ ఐదేళ్లకు, కొలతలు తీసుకోవడాన్ని నిర్మాణ ఒప్పందంలోనే షరతుగా చేర్చవచ్చు. రోగులతో నిండిన వార్డులో గాలి ఎంత బాగా మారుతోందో తెలిపే కార్బన్ డయాక్సైడ్ స్థాయి, అర్ధరాత్రి దాటాక పడక దగ్గర శబ్దం, మండువేసవి మధ్యాహ్నం పై అంతస్తు ఉష్ణోగ్రత, ఒక షిఫ్టులో నర్సు నడిచిన దూరం తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తేలిన ఫలితాలను బయటపెట్టడమే ఎక్కువమందికి కష్టమైన భాగం కావచ్చు. అందుకే ఆ పని ఆసుపత్రికో ఆర్కిటెక్టుకో వదిలేయకుండా, నిధులిచ్చేవారే చేయించి ప్రచురించాలి.