ఈ నెల గుణం: నిజాయితీ

సోమవారం నుంచి మావాడికి క్యారెక్టర్ రాబోతోందని స్కూల్ వాళ్ళు రాతపూర్వకంగా తెలియజేశారు. సెలవులు అయిపోయే ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ పడింది. పైన లోగో, కింద ఉదయిస్తున్న సూర్యుడు, మధ్యలో పెద్దక్షరాలతో "ఈ విద్యా సంవత్సరం మా లక్ష్యం: శీల నిర్మాణం". దాని కింద ఒక పట్టిక. మొదటి నెల నిజాయితీ, రెండో నెల గౌరవం, మూడో నెల బాధ్యత, ఇలా పోగా పోగా దయ ఎనిమిదో నెలలో వస్తుంది, అది కూడా పరీక్షలు అడ్డం రాకపోతేనే. ఈలోపు మావాడు పక్క బెంచీ వాణ్ణి తోసేస్తే మనం అనేదేం లేదు, ఆ పోర్షన్ ఇంకా అవలేదు కదా.

గ్రూపులో పేరెంట్స్ అందరూ టపటపా దండాలు పెట్టేశారు. నేనూ పెట్టాను, నేనొక్కణ్ణే పెట్టకపోతే వీళ్ళ పిల్లాడికి శీలం అక్కర్లేదేమో అనుకుంటారని భయం.

అసలు ఈ "నిర్మాణం" అన్న మాట దగ్గరే నాకు డౌటు కొట్టింది. పునాది ఎవరు వేస్తారు, స్లాబ్ ఎప్పుడు, మధ్యలో సిమెంట్ ఎవరు నొక్కేస్తారు అనేవి పీడీఎఫ్‌లో లేవు. క్యారెక్టర్ అనే ఇంగ్లీషు మాట గ్రీకు నుంచి వచ్చిందంట, అక్కడ దానికి ముద్ర గుద్దే పనిముట్టు అనీ, గుద్దిన ముద్ర అనీ అర్థం, నాణేల మీద వేస్తారే అలాంటిది. మా స్కూల్ వాళ్ళు ఈ అర్థాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. మంచి పని చేసిన పిల్లాడి చేతి మీద స్టార్ ముద్ర గుద్దుతారు. సాయంత్రం స్నానం చేయిస్తే పోతుంది.

సరే, నిజాయితీ నెల మొదలైంది. మొదటి వారంలోనే ప్రాజెక్టు. "నిజాయితీ అనే అంశంపై థర్మాకోల్‌తో మోడల్. పిల్లలు స్వయంగా చేయవలెను. నీట్‌గా ఉండవలెను." ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఎలా రాశారో వాళ్ళకే తెలియాలి. ఎనిమిదేళ్ళ పిల్లాడు స్వయంగా చేస్తే నీట్‌గా ఉండదు, నీట్‌గా ఉంటే స్వయంగా చెయ్యలేదు, ఇది కనిపెట్టడానికి బీఎడ్ అక్కర్లేదు.

రాత్రి పదకొండున్నర. మావాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నేను కింద కూర్చుని బ్లేడుతో త్రాసు కోస్తున్నా, ఒళ్ళంతా తెల్లటి పూసలు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసి "ఎడమ పళ్ళెం కిందకి వాలిందండీ" అంది. సరిచేశా. ఇంకాసేపు చూసి "ఇప్పుడు మరీ బాగుంది, పిల్లాడు చేసినట్టు లేదు" అంది. అదీ నిజమే. మళ్ళీ కొంచెం వంచాను. ఎంత వంచాలనేది పెద్ద సమస్య, మార్కులు పోకూడదు, అనుమానం రాకూడదు. తర్వాత కింద అట్ట మీద "నిజాయితీయే మన బలం" అని రాయాలి. నా చేతిరాత పెద్దవాడి చేతిరాతలా ఉంటుంది కాబట్టి ఎడమ చేత్తో రాశా. మూడు అట్టలు పాడయ్యాయి. నాలుగో దాంట్లో "జా" కొంచెం తిరగబడింది, చూడగానే ముచ్చటేసింది, అచ్చం పిల్లాడు రాసినట్టే. అర్ధరాత్రి దాటాక, నిజాయితీ అనే మాటని ఎడమ చేత్తో ఫోర్జరీ చేసి, తృప్తిగా పడుకున్నాను.

పొద్దున్న క్లాసులో మేడం ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి "నువ్వే చేశావా?" అని అడిగిందంట. ఒకమ్మాయి తెచ్చిన మోడల్‌లో లైట్లు వెలుగుతున్నాయి, మోటారు కూడా ఉంది, త్రాసు దానంతటదే ఊగుతోంది. "నేనే చేశాను మేడం." స్టార్. ఇంకొకడి దాని వెనక షాపు వాడి స్టిక్కర్ కూడా పీకలేదు. "నేనే మేడం." స్టార్. ఇలా గుద్దుకుంటూ గుద్దుకుంటూ మావాడి దగ్గరికొచ్చింది. వీడు లేచి "లేదు మేడం, మా నాన్న చేశాడు, నేను నిద్రపోయా" అన్నాడు.

డైరీలో ఎర్ర ఇంకుతో వచ్చింది: "ప్రాజెక్టు స్వయంగా చేయలేదు. నిజాయితీ స్టార్ ఇవ్వబడలేదు. పేరెంట్ సంతకం చేయగలరు."

క్లాసు మొత్తం మీద ఆ రోజు నిజం చెప్పినవాడు వీడొక్కడే, స్టార్ లేనివాడూ వీడొక్కడే. రాత్రి అన్నం తింటూ "నాన్నా, ఈసారి అడిగితే నేనే చేశానని చెప్పనా?" అన్నాడు. చూశారా, నెల తిరక్కుండానే నిర్మాణం పని ఎంత చకచకా సాగిపోతోందో.

పంతం పుట్టి కాసేపు చదివాను. ఈ గోల కొత్తదేం కాదు. 1920ల్లోనే అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అని ఇద్దరు పరిశోధకులు దాదాపు 11,000 మంది పిల్లల నిజాయితీని పరీక్షించారు. కాగితం మీద చిన్న చిన్న సున్నాలు, కళ్ళు మూసుకుని ఒక్కోదాంట్లో గుర్తు పెట్టాలి. చూడకుండా అన్నీ కరెక్టుగా పెట్టడం అయ్యే పని కాదు, కాబట్టి ఎవడైనా బ్రహ్మాండంగా పెట్టాడంటే కన్ను తెరిచాడన్నమాట. తేలిందేంటంటే ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లాడే ఇంకోచోట కాపీ కొట్టాడు, నీతిపాఠాలు విన్నంత మాత్రాన పెద్ద తేడా ఏం కనపడలేదు. అక్కడి విద్యాశాఖే ఇలాంటి శీల నిర్మాణం ప్రోగ్రాములు 7 తీసుకుని 84 స్కూళ్ళలో చూసి 2010లో రిపోర్టు ఇచ్చింది, మొత్తమ్మీద పిల్లల ప్రవర్తన మారిన దాఖలా దొరకలేదు. మా మేడం ఆ సున్నాల కాగితం పంచి ఉంటే, కన్ను తెరిచినవాళ్ళందరికీ ఏకాగ్రత స్టార్ ఇచ్చి ఉండేది.

డైరీ సంతకం సంగతి మాట్లాడదామని రెండో నెల మొదట్లో స్కూల్‌కి వెళ్ళా. కారిడార్‌లో కొత్త బ్యానర్, "ఈ నెల గుణం: గౌరవం". సరిగ్గా దాని కింద ఇద్దరు పిల్లలు బ్యాగులు తగిలించుకుని నిలబడి ఉన్నారు. ఏదో అల్లరి చేసుంటారనుకున్నా. ఫీజు కట్టలేదంట. లోపల క్లాసు జరుగుతోంది, గౌరవం మీదే. కిటికీలోంచి వినపడుతోంది వీళ్ళకి. పెద్దవాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఎవరూ మొహం చూడకూడదని. చిన్నది బ్యాగు జిప్పు లాగుతోంది, మూస్తోంది, లాగుతోంది.

మేడంని అడిగితే "అది అకౌంట్స్ సెక్షన్ సార్, మాకు సంబంధం లేదు" అంది. ప్రిన్సిపాల్ గారు "రూల్ అందరికీ ఒకటే కదండీ" అన్నారు.

ఏం రూలయ్యా అది? అప్పు ఉంటే అప్పు చేసినవాణ్ణి పిలిచి అడగండి, ఫోన్ చెయ్యండి, నోటీసు పంపండి, ఏడేళ్ళ పిల్లని గోడకి నిలబెట్టడం ఏంటి? ఆ పిల్ల సంపాదిస్తోందా? సిగ్గుండాలి. మీరు ఏడాదంతా పీడీఎఫ్‌లు పంపినా, గుణానికో బ్యానర్ కట్టినా, పిల్లలకి గుర్తుండేది ఆ పదినిమిషాలే, క్లాసులో కూర్చుని బయట నిలబడ్డ ఇద్దర్నీ చూసిన మిగతా నలభై మంది కూడా నేర్చుకుంది అదే, డబ్బు లేనివాణ్ణి నలుగురిలో నిలబెట్టొచ్చు అని. శ్రీరంగ నీతులు చెప్పడానికి నోరెలా వస్తుంది మీకు?

అన్నీ అనేశాను. గట్టిగానే అన్నాను. ప్రిన్సిపాల్ గారు ఓపిగ్గా విని, గౌరవం మాసంలో పేరెంట్స్ గొంతు పెంచకుండా ఉంటే పిల్లలకి ఆదర్శంగా ఉంటుందని చెప్పి, మంచినీళ్ళు ఇప్పించారు.

ఇంటికొచ్చేసరికి గ్రూపులో మెసేజ్ ఉంది. గౌరవం మీద మోడల్ అంట, శుక్రవారంలోగా పంపాలంట, స్వయంగా, నీట్‌గా. అటక మీద చూశాను, థర్మాకోల్ ఇంకా సగం షీటు మిగిలే ఉంది.