క్రూయిజ్ ప్రయాణికుల వయసు: సగటు చెప్పని లెక్క

క్రూయిజ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం సీఎల్‌ఐఏ నివేదికల ప్రకారం ఈ ఓడల్లో తిరిగేవాళ్ల సగటు వయసు కొన్నేళ్లుగా 46, 47 దగ్గరే ఉంటోంది. మూడింట ఒక వంతుకు పైగా 40 ఏళ్ల లోపువాళ్లేనని కూడా ఆ సంఘం అంటోంది. రిటైరైనవాళ్లు తప్ప ఎవరూ ఎక్కరన్న పాత అభిప్రాయానికి జవాబుగా కంపెనీలు ఈ అంకెలను ముందుకు తెస్తాయి. అంకెలు తప్పు కావు. కానీ టికెట్ కొనబోయే మనిషికి మాత్రం వాటితో ఒరిగేదేమీ లేదు. ఏ ఓడ, ఏ నెల, ఎన్ని రాత్రులు అన్నది పక్కన పెట్టి చెప్పే సగటు వయసు ఏ ఒక్క ప్రయాణాన్నీ వర్ణించదు. ప్రతి ప్రయాణికుడి పుట్టిన తేదీ కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. ప్రయాణం వారీగా వయసుల లెక్క ఇవ్వడం వాళ్లకు క్షణాల పని. అయినా ఇవ్వడం లేదు. ఇవ్వాలని అడగాల్సిన సమయం వచ్చింది.

ఒక చిన్న లెక్క చూద్దాం. పక్కపక్కనే రెండు క్యాబిన్లు. ఒకదానిలో 68 ఏళ్ల దంపతులు. రెండోదానిలో 38, 36 ఏళ్ల తల్లిదండ్రులు, 8, 5 ఏళ్ల పిల్లలు. ఆరుగురి సగటు 37 ఏళ్లు. ఆ తల్లిదండ్రులిద్దరిని మినహాయిస్తే మిగతా నలుగురిలో ఎవరికీ ఈ అంకెతో సంబంధం లేదు. పైగా సగటును కిందికి లాగింది నడివయసువాళ్లు కాదు, పై బెర్తుల్లో పడుకున్న ఇద్దరు పిల్లలు. క్రూయిజ్‌లు 'యువతను ఆకర్షిస్తున్నాయి' అనే వార్తల్లో చాలా భాగం ఇలా పుట్టేదే. పాతికేళ్లవాళ్లు పెరిగినా సగటు తగ్గుతుంది, పిల్లలు పెరిగినా తగ్గుతుంది. ఓడ మీద మాత్రం ఈ రెండూ పూర్తిగా వేరు వేరు అనుభవాలు.

అంతకంటే పెద్ద చిక్కు తలల లెక్కలో ఉంది. ఏడాదికి ఇంతమంది ప్రయాణికులు అని చెప్పేటప్పుడు మూడు రాత్రులు తిరిగొచ్చినవాళ్లూ ఒకటే, మూడు నెలలు తిరిగినవాళ్లూ ఒకటే. 3,000 మంది పట్టే ఓడ మూడేసి రాత్రుల ప్రయాణాలు చేస్తోందనుకుందాం. 99 రాత్రుల్లో 33 ట్రిప్పులు, అంటే 99,000 మంది. అదే కాలంలో 900 మందితో ప్రపంచ యాత్ర చేసిన ఓడ పేరిట నమోదయ్యేది 900 మందే. తలల్లో చూస్తే తేడా 110 రెట్లు. మంచాలు నిండిన రాత్రులను లెక్కపెడితే మొదటి ఓడకు 2,97,000, రెండోదానికి 89,100. తేడా మూడు రెట్లు దాటి కాస్త ఎక్కువ, అంతే. చిన్న ప్రయాణాల్లో వయసు తక్కువ, పెద్ద ప్రయాణాల్లో ఎక్కువ కాబట్టి తలల లెక్క సగటును ఎప్పుడూ చిన్నవాళ్ల వైపే తూచుతుంది. ఏ రాత్రి చూసినా సముద్రం మీద ఉన్నవాళ్ల అసలు సగటు ప్రచారంలో ఉన్నదాని కంటే ఎక్కువే ఉంటుంది.

నిజమైన ఓడలో వయసులు ఎలా పరుచుకుని ఉంటాయో లోకానికి పూర్తిగా తెలిసిన సందర్భాలు అరుదు. వాటిలో ఒకటి 2020లో కొవిడ్ వల్ల జపాన్‌లోని యొకొహామా దగ్గర నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్. ఓడ మీద మొత్తం 3,711 మంది. వాళ్లలో ప్రయాణికులు 2,666, సిబ్బంది 1,045. పదేళ్ల లోపు పిల్లలు 16 మంది, పది నుంచి పందొమ్మిది మధ్య 23 మంది. యాభైల్లో ఉన్నవాళ్లు 398. అరవైల్లో 923, డెబ్భైల్లో 1,015, ఎనభైల్లో 216, తొంభై దాటినవాళ్లు 11 మంది. అందరినీ కలిపితే సగటు 58 చిల్లర వస్తుంది. చిత్రమేమిటంటే ఆ సగటు వచ్చి వాలిన యాభైల గుంపు డెబ్భైల గుంపులో సగం కూడా లేదు. ఇరవై నుంచి నలభై తొమ్మిది దాకా కనిపించే పదకొండు వందల మందిలో అత్యధికులు సిబ్బంది. వాళ్లను తీసేస్తే ప్రయాణికుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు 60 దాటినవాళ్లే. అది జనవరి 20న మొదలైన రెండు వారాల ప్రయాణం. పిల్లలకు బడులు నడుస్తున్న రోజులు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు పెద్ద సెలవు దొరకని రోజులు. ఆ వయసుల పట్టికలో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. దాదాపు అలాంటిదే వస్తుందని ముందే చెప్పొచ్చు.

ఎందుకంటే ఓడ మీద వయసును మొట్టమొదట నిర్ణయించేది రాత్రుల సంఖ్య. మూడు నాలుగు రాత్రులైతే వారాంతానికి ఒకటి రెండు రోజుల సెలవు కలుపుకుంటే సరిపోతుంది కాబట్టి ఇరవైలు, ముప్ఫైల్లో ఉన్నవాళ్లు, స్నేహితుల గుంపులు ఎక్కువ. ఏడు రాత్రులు కుటుంబాల కొలత. పది దాటితే ఉద్యోగస్తులు పలచబడతారు, పద్నాలుగు దాటితే ఇంచుమించు కనుమరుగవుతారు. వంద రాత్రులు దాటే ప్రపంచ యాత్రలు సాధారణంగా జనవరిలో మొదలవుతాయి. వాటికి డబ్బొక్కటీ ఉంటే చాలదు, నాలుగు నెలల పాటు అడిగేవాళ్లు లేని జీవితం కావాలి. ఆ రెండూ కలిసొచ్చేది రిటైరయ్యాకే.

తర్వాతది నెల. ఒకే ఓడ, ఒకే దారి, ఒకే ఏడు రాత్రులు. జులైలో పిల్లలతో కిటకిటలాడుతుంది, సెప్టెంబరు రెండో వారానికి వచ్చేసరికి పిల్లల క్లబ్బు సగం ఖాళీగా ఉంటుంది. అలాస్కా సీజన్ ప్రధానంగా మే నుంచి సెప్టెంబరు దాకా. అందులో నడుమ నెలలు కుటుంబాలవి, రెండు చివరలు పెద్దవాళ్లవి. ఏప్రిల్, మే నెలల్లోనూ అక్టోబరు, నవంబరుల్లోనూ ఓడలు ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి మకాం మారుస్తాయి. అట్లాంటిక్ దాటే ఈ ప్రయాణాల్లో ఐదారు రోజులు ఒడ్డు కనిపించదు. టికెట్ ధర రాత్రి లెక్కన చూస్తే చవక. అయినా యువత ఎక్కదు, ఎందుకంటే ఇక్కడ ఖర్చయ్యేది డబ్బు కంటే ఎక్కువగా సెలవు. చంటిబిడ్డలకు వయసు నిబంధన కూడా మారుతుంది. మామూలు ప్రయాణాలకు చాలా కంపెనీలు ఆరు నెలలు నిండితే చాలంటాయి. మహాసముద్రం దాటే వాటికి ఏడాది నిండాలి.

మూడోది ఓడ నిర్మాణం. 2024 జనవరిలో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో క్యాబిన్‌కు ఇద్దరి చొప్పున లెక్కేస్తే 5,610 మంది పడతారు. అన్ని బెర్తులూ నింపితే 7,600 దాకా వెళ్తుంది. మధ్యలో ఉన్న ఆ రెండు వేల చోట్లు ఎవరికోసం? గోడలోంచి దిగే పై బెర్తులు, రాత్రికి మంచమయ్యే సోఫాలు. వాటిలో పడుకునేది ఎక్కువగా పిల్లలే. కంపెనీలు తమ ఓడలు 105 శాతం, 108 శాతం నిండాయని లెక్కలు చూపించడం వెనక రహస్యం ఇదే. క్యాబిన్‌కు ఇద్దరైతే వంద శాతం, మూడో మనిషి ఎక్కితే వంద దాటినట్టు. కాబట్టి ఈ రెండు అంకెల మధ్య దూరం ఎంత ఎక్కువగా ఉంటే ఆ ఓడను కుటుంబాల కోసం అంతగా కట్టారని అర్థం. నా దృష్టిలో కంపెనీ బ్రోషర్‌లోని ఫొటోలన్నింటి కంటే నమ్మదగిన ఆనవాలు ఇది.

ఇంకో వైపు వయసుతోనే గిరి గీసుకున్న కంపెనీలున్నాయి. వైకింగ్ సముద్ర ఓడల్లోనూ, వర్జిన్ వాయేజెస్‌లోనూ 18 నిండనివాళ్లకు ప్రవేశం లేదు. అయినా రెండింటి జనం ఒకటి కాదు. సుమారు 930 మంది పట్టే వైకింగ్ ఓడల్లో ఉపన్యాసాలు, రేవుల చరిత్ర ప్రధానం, ఎక్కేవాళ్లు ఎక్కువగా అరవైకి అటూ ఇటూ. వర్జిన్ ఓడల్లో రాత్రి కార్యక్రమాలు ప్రధానం, జనం అంతకంటే బాగా చిన్నవాళ్లు. బ్రిటన్‌కు చెందిన సాగా 50 దాటినవాళ్ల కోసమే నడుస్తుంది, తోడు వచ్చేవాళ్లకు 40 నిండితే చాలు. పిల్లలు లేని ఓడ కావాలనుకోవడం వేరు, తన ఈడువాళ్లున్న ఓడ కావాలనుకోవడం వేరు. 'పెద్దలకు మాత్రమే' అన్న మాట చూసి టికెట్ కొనేవాళ్లు ఈ తేడా దగ్గరే పొరపడతారు.

ఈ లెక్కలన్నిటిలో జారిపోయే వయసు ఒకటుంది, 18 నుంచి 20. అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద కంపెనీల ఓడల్లో 21 నిండనివాళ్లు తమంతట తాము క్యాబిన్ తీసుకోవడం సాధారణంగా కుదరదు. తోడు ఎవరుండాలి, వాళ్లకు ఎన్నేళ్లుండాలి అన్నది కంపెనీని బట్టి మారుతుంది, కొన్నింటిలో ఆ వయసు 25. యూరప్ ప్రయాణాల్లో చాలావరకు 18 చాలు. ఈ నియమం చదవకుండా కాలేజీ స్నేహితులు డబ్బు కట్టేసి, ఓడ ఎక్కే రోజున రేవులో ఆగిపోవడం ఏటా జరిగేదే. అప్పుడు డబ్బు వెనక్కి రాదు.

ఏ వయసువాళ్లు ఎంతమంది అన్నది కాలక్షేపానికి సంబంధించిన సంగతి అనుకుంటే పొరపాటు. భద్రత కూడా దాని మీదే నడుస్తుంది. సముద్ర భద్రతకు ఆధారమైన సోలాస్ ఒప్పందం ప్రకారం మొత్తం ప్రయాణికుల్లో పది శాతానికి తగ్గకుండా పిల్లల లైఫ్ జాకెట్లు ఉండాలి, పిల్లలు అంతకు మించితే ప్రతి ఒక్కరికీ ఒకటి ఉండాలి. 15 కిలోల లోపు బిడ్డలవి వేరే రకం. 24 గంటలు దాటే ప్రయాణంలో అవి తలకొకటి తప్పనిసరి. ఓడలో ఉన్న పెద్దలెందరు, పిల్లలెందరు, చంటివాళ్లెందరు, ఆపదలో సాయం అవసరమని చెప్పుకున్నవాళ్లెవరు అన్నది కూడా నమోదు చేయాల్సిందే. అంటే వయసుల వివరాలు కొత్తగా సేకరించాల్సిన పనే లేదు. ప్రతి ప్రయాణానికీ అవి సిద్ధంగా ఉన్నాయి.

పెద్ద వయసువాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులు మరీ నిర్దిష్టమైనవి. మామూలు క్యాబిన్ తలుపు వెడల్పు చాలా ఓడల్లో 23 అంగుళాల దగ్గర ఉంటుంది. నడవలేనివాళ్లు కూర్చుని తిరిగే బ్యాటరీ స్కూటర్ అందులో పట్టదు. నడవాలో వదిలేస్తామంటే ఒప్పుకోరు, ఎందుకంటే అగ్ని ప్రమాదంలో అందరూ బయటపడాల్సిన దారి అది. వెడల్పు తలుపున్న క్యాబిన్లు ఓడకు కొన్నే ఉంటాయి, ముందుగా అమ్ముడయ్యేవీ అవే. రేవు కట్టకు చేరకుండా లంగరు వేసే చోట్ల చిన్న పడవలోకి దిగాలి. అలలు ఎగదన్నుతుంటే ఓడకూ పడవకూ మధ్య అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల వల్ల కాదు, బరువైన స్కూటర్లను అసలు ఎక్కించుకోరు. ఓడలోని వైద్య కేంద్రంలో ఈసీజీ, ఎక్స్‌రే, ప్రాణవాయువు ఉంటాయి. పెద్ద శస్త్రచికిత్సలు ఉండవు. గుండెపోటు వచ్చినవాళ్లను నిలకడకు తెచ్చి ఒడ్డుకు చేర్చడమే అక్కడి డాక్టర్ల పని. తీరానికి దూరంగా ఉంటే హెలికాప్టర్ కూడా అందదు. డెబ్భై దాటినవాళ్లు వరుసగా ఐదారు సముద్ర రోజులున్న దారి ఎంచుకునే ముందు చూడాల్సింది బీమా పాలసీలో అత్యవసర తరలింపు ఉందా లేదా అన్నది.

ఇక పరిశ్రమ నిజంగా యవ్వనం వైపు వెళ్తోందా? 2019లో 2.97 కోట్లున్న ప్రయాణికులు 2024 నాటికి 3.46 కోట్లకు చేరారు. ఆ పెరుగుదలలో చిన్న ప్రయాణాల వాటా తక్కువేమీ కాదు. 2024లో వచ్చిన యుటోపియా ఆఫ్ ది సీస్ అంత భారీ ఓడ అయి ఉండి కూడా మొదటి నుంచీ మూడు, నాలుగు రాత్రుల ప్రయాణాలకే దిగింది. ఒకప్పుడు కొత్త ఓడను వారం ప్రయాణాలకు పెట్టి, పాతబడ్డాక చిన్నవాటికి మార్చేవారు. ఈ మార్పు తలల లెక్కలో సగటును ఎటూ కిందికి దించుతుంది. అలాగని రెండు వారాల ప్రయాణాల్లోకి యువత వచ్చినట్టు కాదు. ప్రజల సెలవుల తీరు మారనంత వరకు అక్కడ వయసు తగ్గుతుందని ఎదురుచూడడం వృథా.

కాబట్టి కంపెనీలను అడగాల్సింది మూడు అంకెలు. గత ఏడాది ఇదే ఓడలో ఇదే వారం వెళ్లినవాళ్ల వయసుల మధ్యగతం (సగం మంది దానికి కింద, సగం మంది పైన ఉండే వయసు), 18 లోపువాళ్ల శాతం, 65 దాటినవాళ్ల శాతం. పేర్లు అక్కర్లేదు, ఎవరి గోప్యతకూ భంగం ఉండదు. అవి వచ్చేదాకా ప్రయాణికులు తమంతట తాము చేసుకోగలిగిన పరిశీలన కొంత ఉంది. ముందు రాత్రులు, తర్వాత ఆ నెలలో ఓడ బయలుదేరే దేశంలో బళ్లకు సెలవులున్నాయా అన్నది చూడాలి. మీ దేశపు సెలవులు కాదు, రేవున్న దేశపువి. ఆపైన ఇద్దరి లెక్కన ఎందరు, మొత్తం ఎందరు అన్న రెండు అంకెల తేడా. చివరగా బుకింగ్ నంబరుకు ఫోన్ చేసి ఆ ప్రయాణానికి ఇప్పటివరకు ఎంతమంది పిల్లలు బుక్ అయ్యారని అడగాలి. కొన్ని కంపెనీలు చెబుతాయి. పూర్తి సొమ్ము కట్టాల్సిన గడువు చాలాచోట్ల ప్రయాణానికి 90 రోజుల ముందు వరకు ఉంటుంది. ఆ గడువుకు వారం ముందు అడిగితే అప్పటికి కుటుంబాలు చాలావరకు బుక్ చేసుకుని ఉంటాయి, మనసు మార్చుకోవడానికి మీకూ వీలుంటుంది.