ఎగ్జాస్ట్‌లో పడే స్పార్క్ పెట్రోలు తాగదు

డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును వంతులవారీగా సిలిండర్లకు పంచే భాగం) లేకుండా, రెండు స్పార్క్ ప్లగ్గులకు ఒక కాయిల్ (స్పార్కుకు కావలసిన హై వోల్టేజీ పుట్టించే చుట్ట) చొప్పున ఉండే పెట్రోలు కార్ల మీద ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. సారం ఇదీ: ‘వీటిలో సగం స్పార్కులు పొగలో పోతాయి. అందుకే మైలేజీ రాదు, ప్లగ్గులు సగం కాలానికే అరుగుతాయి, ఒక ప్లగ్గు పోతే రెండు సిలిండర్లు ఆగుతాయి. మిస్సింగ్ (ఏదో సిలిండర్ మండకపోవడం) ఉంటే ఒక్కో వైరూ పీకి చూడండి, టైమింగ్ (స్పార్క్ పడే వేళ) కాస్త తిప్పండి.’ ఇందులో నిజం చెంచాడే.

సగం స్పార్కులు వృథా అన్నది ముందు చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు కలిసే పైకొస్తాయి. ఒకటి కంప్రెషన్ (మిశ్రమాన్ని అదిమే దశ) చివర ఉంటే రెండోది ఎగ్జాస్ట్ (పొగను బయటికి తోసే దశ) చివర ఉంటుంది. వాటికి ఒక కాయిల్, 2, 3లకు ఇంకొకటి. కాయిల్‌లో హై వోల్టేజీ ఇచ్చే సెకండరీ చుట్ట రెండు కొసలూ ప్లగ్గులకే వెళ్తాయి. కరెంటు ఒక ప్లగ్గు దాటి, ఇంజిన్ హెడ్డు మీదుగా జోడీ ప్లగ్గు దాటి, కాయిల్‌కు తిరిగొస్తుంది. ఎగ్జాస్ట్‌లో పడేది పారబోత కాదు, తిరుగుదారి. అక్కడ ఒత్తిడి తక్కువ కనుక గ్యాప్ దాటడానికి రెండు మూడు కిలోవోల్టులు చాలు. మిగతా వోల్టేజీ కంప్రెషన్‌లో ఉన్న ప్లగ్గుకే. ఇదేమీ కొత్త వింత కూడా కాదు. 1948 నాటి సిట్రోయెన్ 2సీవీ కారు పాయింట్లతోనే (ఎలక్ట్రానిక్స్ లేని పాతకాలపు స్విచ్) ఇలా రెండు ప్లగ్గులనూ ఒకేసారి వెలిగించింది.

మైలేజీ లెక్క వేద్దాం. కాయిల్‌లో బ్యాటరీ కరెంటు పారే ప్రైమరీ చుట్ట 3 మిల్లీహెన్రీలు, కరెంటు 6 ఆంపియర్లు అనుకుంటే ఒక్కసారికి కాయిల్‌లో నిలిచేది 54 మిల్లీజూళ్లు. 3,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో కాయిల్ సెకనుకు 50 సార్లు పనిచేస్తుంది. రెండూ కలిపి 5.4 వాట్లు. వేడిగా పోయేది కలుపుకున్నా, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ముందు అదెంత? మైలేజీ పడిపోతే ఆక్సిజన్ సెన్సార్, తెరుచుకుపోయిన థర్మోస్టాట్, పట్టేసిన బ్రేకు చూడండి. నిజానికి ఈ పద్ధతిలో లాభమే ఉంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర, డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఒంటరి కాయిల్‌కు స్పార్కుకూ స్పార్కుకూ మధ్య మళ్లీ నిండడానికి 5 మిల్లీసెకన్లే దొరుకుతాయి. ఇక్కడ 10.

ప్లగ్గుల మాటలో ఉంది ఆ చెంచాడు నిజం. ప్రతి ప్లగ్గూ రెట్టింపు సార్లు వెలుగుతుంది, కానీ సగం సార్లు తక్కువ వోల్టేజీతోనే. అందువల్ల అరుగుదల రెట్టింపు కాదు. అసలు తేడా ధ్రువాల్లో ఉంది: కరెంటు ఒక ప్లగ్గును ఒక దిశలో, జోడీ ప్లగ్గును ఎదురు దిశలో దాటుతుంది. జోడీలో ఒక ప్లగ్గుకు నడిమి ఎలక్ట్రోడ్ ఎక్కువ అరుగుతుంది, రెండోదానికి పక్క కొమ్ము. అందుకే రెండు వైపులా ప్లాటినమో ఇరిడియమో ఉన్న ప్లగ్గులు అడుగుతారు. నడిమి ముక్కకే ప్లాటినం ఉన్నవి వేస్తే రెండు సిలిండర్లలో గ్యాప్ త్వరగా పెరుగుతుంది. విప్పిన ప్లగ్గును మళ్ళీ దాని సిలిండర్‌లోనే బిగించండి.

ఒకటి పోతే రెండూ ఆగుతాయన్నది అన్నివేళలా నిజం కాదు. మసి పట్టి షార్ట్ అయిన ప్లగ్గు దారిని మూయదు కాబట్టి, జోడీ ప్లగ్గు మామూలుగానే పనిచేస్తుంది. వైరు లోపల తెగితే మాత్రం రెండూ దెబ్బతినవచ్చు. వెతికే దారి ఇది: 1, 4 కలిసి మిస్ అయితే ఆ కాయిల్, దాని డ్రైవర్ (కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్), వైరింగ్. ఒక్కటే మిస్ అయితే ప్లగ్గు, వైరు, ఇంజెక్టర్, కంప్రెషన్. పక్కపక్కనున్న 1, 2 మిస్ అయితే కాయిల్ జోలికి వెళ్లకుండా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డు కింద సిలిండర్లను మూసి ఉంచే సీలు) అనుమానించి కంప్రెషన్ కొలవండి.

కాయిల్ సెకండరీని ఒక టవర్ (ప్లగ్గు వైరు తగిలే కొస) నుంచి రెండో టవర్‌కు కొలవాలి. చాలావాటికి కొన్ని కిలో ఓంల నుంచి పదిహేను దాకా వస్తుంది. టవర్ నుంచి ఎర్త్‌కు కొలిస్తే మీటరు కదలదు. అది చూసి బాగున్న కాయిల్‌ను చెత్తబుట్టలో వేసేవాళ్లున్నారు.

నడుస్తున్న ఇంజిన్‌లో వైరు పీకొద్దు. దారి దొరకని వోల్టేజీ ముప్పై నలభై వేల వోల్టులకు ఎగబాకి కాయిల్ ఇన్సులేషన్‌నో డ్రైవర్‌నో, లేదా మీ చేతినో వెతుక్కుంటుంది. ఎర్త్ చేసిన స్పార్క్ టెస్టర్ వాడండి.

తిప్పడానికి టైమింగ్ ఎక్కడుంది? చాలా కార్లలో క్రాంక్ చక్రానికి 60 పళ్ల స్థానాలుంటాయి, రెండు ఖాళీ. పంటికి 6 డిగ్రీలు. ఆ ఖాళీని సెన్సార్ చూసి చెబితే స్పార్క్ ఎప్పుడో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్కగడుతుంది. బండి వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతుంటే మొదట ఆ సెన్సార్‌నే చూడండి. ఇంకో మాట: 1వ వైరుకు టైమింగ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా వెలిగే మెకానిక్ దీపం) తగిలిస్తే ప్రతి చుట్టుకూ వెలుగుతుంది. 800 ఐడిల్‌ను అది 1,600గా చూపితే కంగారు పడొద్దు.

ఆ సందేశం వదిలేసిన అసలు ఇబ్బంది మిక్సర్ తరహా సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్‌లది. వాటిలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంతా గ్యాస్ మిశ్రమమే. ఎగ్జాస్ట్ చివర ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకునే వేళ ఆ రెండో స్పార్క్ ఆలస్యంగా పడితే, మంట వెనక్కి తన్ని ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగలవచ్చు. ప్రతి సిలిండర్‌కూ విడిగా, వాల్వ్ దగ్గరే గ్యాస్ వదిలే సీక్వెన్షియల్ కిట్‌లో ఈ బెడద బాగా తక్కువ.