మండితేనే మందు

చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి మోకాలు కొట్టుకుపోతే నాయనమ్మ టించర్ పోసేది, మనం ఒంటికాలి మీద గంతులేస్తుంటే "మండుతుందా, అయితే పట్టిందిలే" అని తృప్తిగా సీసా మూత పెట్టేది చూడండి, మన వైద్యవిద్య మొత్తం అక్కడే ఉంది. తలనొప్పికి అమృతాంజనం రాస్తే కళ్ళల్లోంచి నీళ్ళు కారాలి, అప్పుడే పైసా వసూల్. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ పసుప్పచ్చ బామ్ మొదలుపెట్టిన దగ్గర్నించీ చురుక్కుమననిదాన్ని మందని ఒప్పుకోవడం మనవల్ల కావట్లేదు.

ఇంత ఘనమైన సంప్రదాయం ఉన్న జాతికి మొటిమలకి రాసే టీ ట్రీ ఆయిల్ విషయంలో తీరని అన్యాయం జరుగుతోంది. డైల్యూట్ చెయ్యాలట, వేరే నూనెలో కలిపి పల్చన చెయ్యాలట! ముఖానికైతే ఒక శాతం, మహా అయితే రెండు. అంటే టీస్పూన్ నిండా జొజోబా లాంటి నూనె తీసుకుని అందులో ఒక్క చుక్క. ఒక్కటంటే ఒక్కటే. మా ఇంట్లో పప్పన్నంలో నెయ్యి కూడా ఇంత పిసినారిగా వెయ్యరు. పోనీ కొబ్బరినూనెలో కలుపుదామంటే అదీ వద్దట, మొటిమలొచ్చే మొహానికి కొబ్బరినూనె రంధ్రాలు మూసేస్తుందట, ఇక తెలుగువాడు ఏం రాసుకుని బతకాలి?

అసలు ఈ చెట్టుకి టీకి ఏ సంబంధమూ లేదు, ఆ మాట ముందే చెప్తున్నా, ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన వాడేసిన టీపొడి మొహానికి పట్టించుకుని వారం రోజులు తిరిగాడు. ఇది ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వైపు తడినేలల్లో పెరిగే చెట్టు, మన జామకి, నేరేడుకి, జామాయిల్‌కి దాయాది. ఆకుల్ని ఆవిరి పట్టి నూనె తీస్తారు. అందులో టెర్పినెన్-4-ఆల్ అనేదే అసలు సరుకు, అంతర్జాతీయ స్టాండర్డ్ ప్రకారం అది కనీసం 35 శాతం ఉండాలి, అంటే మన టెన్త్ పాస్ మార్కులే. కరెక్ట్‌గా 35తో పాసైన నూనెకి ఇంత పొగరేంటండీ, ఒక్క చుక్కకి మించి మొహం మీద వేసుకోకూడదా?

పైగా పరిశోధనలు కూడా చూపిస్తారు. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల పేషెంట్ల మీద 5 శాతం టీ ట్రీ ఆయిల్‌నీ, మొటిమలకి మామూలుగా వాడే 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ మందునీ పోల్చి చూస్తే రెండూ పనిచేశాయి, టీ ట్రీ కాస్త నిదానం కానీ సైడ్ ఎఫెక్ట్స్ తక్కువ అని తేలింది. 2007లో ఇరాన్‌లో 60 మందికి 5 శాతం జెల్ 45 రోజులు వాడి, తగ్గిందన్నారు. 45 రోజులు! మా బావమరిది పెళ్లికి నాలుగు రోజులే ఉంది, నా ముక్కు మీద కందిగింజంత మొటిమ లేచింది, వీళ్ళు నాకు మండలదీక్ష చెప్తున్నారు.

మా ఆవిడ బాత్రూమ్ కిటికీలో పది ఎంఎల్ సీసా ఒకటి ఉంది, ఏడాదిన్నర కిందట తెరిచింది, మూత సగం తిరిగి ఉంది, రోజూ సాయంత్రం ఎండ సరిగ్గా దాని మీదే పడుతుంది. నేను తీస్తుంటే చూసి "ఏవండీ, అది డైరెక్ట్‌గా రాయకూడదు, ముందు మోచేతి లోపల కొంచెం రాసి రెండ్రోజులు చూడాలి" అంది. పెళ్లి నాలుగు రోజుల్లో పెట్టుకుని రెండ్రోజులు మోచేతిని చూస్తూ కూర్చోవాలా? మొటిమ మోచేతి మీద లేదు కదా! అయినా ఆడవాళ్ళ మాట కాదనకూడదని గిన్నెలో నీళ్ళు పోసి అందులో నాలుగు చుక్కలు వేశా. డైల్యూట్ అయిపోయింది అనుకున్నా. చారు మీద పోపు నూనె తేలినట్టు నాలుగూ పైన గుండ్రంగా తేలుతున్నాయి, వేలు ముంచితే ఒక చుక్క చుక్కలాగే వేలికి అంటుకొచ్చింది, నీళ్ళేమో గిన్నెలోనే ఉండిపోయాయి. ముక్కు మీద పెట్టా. అబ్బా, ఏం మంట! ఆనందంతో ఇంకో చుక్క పెట్టా.

పొద్దున్నే లేచి చూస్తే మొటిమ చెక్కుచెదరలేదు. దాని చుట్టూ రూపాయి బిళ్ళంత మేర చర్మం ఎర్రగా బిగిసిపోయి, నవ్వబోతే కాల్చిన అప్పడంలా పటపటమంది. మూడోరోజుకి పొట్టు లేచింది, కింద చామనఛాయకి నాలుగు షేడ్లు ముదురు మచ్చ తేలింది. మొటిమ మాత్రం మధ్యలో గుళ్ళో దేవుడిలా సుఖంగా కూర్చుని ఉంది.

పెళ్లిలో మా అత్తగారు అల్లుడి మొహం వైపు నేరుగా చూడలేక పక్కనున్న స్తంభానికి చెప్తున్నట్టు "అల్లుడుగారికి ఏదో కాలినట్టుందే" అన్నారు. తోడల్లుడుగారు మాత్రం పైపైన రాస్తే లాభం లేదు, గ్లాసు వేన్నీళ్ళలో రెండు చుక్కలు వేసి తాగితే రక్తం శుద్ధవుతుంది, నేచురలే కదా ఏం కాదు అని భరోసా ఇచ్చారు. నేచురలే మరి. నల్లజీడి కూడా నేచురలే, బట్టల మీద గుర్తు పెడితే ఎన్ని ఉతుకులకీ పోదు, ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తాయి. గన్నేరు పప్పు కూడా నేచురలే.

తాగబోయే ముందు ఎందుకైనా మంచిదని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళా. ఆవిడ తాగే మాట వినగానే పెన్ను కింద పెట్టేశారు. అది కడుపులోకి వెళ్తే విషమేనట, మనిషి మత్తుగా అయోమయంగా అయిపోయి తూలిపోతాడట, పిల్లలున్న ఇంట్లో అయితే సీసా అందనంత ఎత్తులో పెట్టాలట. (తూలేవాళ్ళు పెళ్లిలో ఎలాగూ ఉన్నారు కాబట్టి నన్నెవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు, అది వేరే విషయం.)

"సీసా ఎప్పటిది?" అన్నారు. చెప్పా. ఎండా గాలీ తగిలితే ఆ నూనె ఆక్సిడైజ్ అయిపోయి అలర్జీ తెప్పించే సరుకుగా మారుతుంది, ముదురు రంగు సీసాలో మూత బిగించి చల్లటి చోట పెట్టుకోవాలి, పాతబడితే పారెయ్యాలి అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, మా ఇంట్లో రెండేళ్ళనాటి ఆవకాయని చుట్టాలొస్తేనే బయటికి తీస్తారు. కానీ జరిగింది మాత్రం అదే, ముక్కు మీద ముక్కిపోయిన నూనె రాసుకున్నా. ఇంకో మాట కూడా అన్నారావిడ. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత బుద్ధిగా ఒక్క శాతం కలిపి రాసినా రియాక్షన్ రావచ్చట. కంటి చుట్టూ, పెదాల మీదా అసలు పోనివ్వకూడదట. మొటిమలకి రెటినాల్ లాంటివి వాడుతూ వాటి మీద ఇదీ పట్టిస్తే చర్మం ఇంకా రేగుతుందట. ఇంట్లో చుక్కలు లెక్కపెట్టుకోవడం చేతకాకపోతే 5 శాతంతో రెడీమేడ్ జెల్ కొనుక్కోవచ్చు కదా అన్నారు, కొంచెం జాలిగానే.

మచ్చ ఎప్పుడు పోతుందండీ అంటే మన రంగు చర్మాలకి కాలిన చోట నలుపు నెలల తరబడి ఉంటుంది, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాసుకోండి అని ఒక క్రీమ్ రాసిచ్చారు. ప్రిస్క్రిప్షన్ మడిచి జేబులో పెట్టుకుంటూ తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చా.

"డాక్టర్‌గారూ, ఇది మండుతుందా?"

"అస్సలు మండదు" అన్నారు నవ్వుతూ.

బయటికొచ్చి మెడికల్ షాపులో అడిగా, ఇదే మందులో కొంచెం స్ట్రాంగ్‌ది ఏమన్నా ఉందా అని.