మబ్బును చూసి ముంత ఒలకబోయుట

మన జిల్లాల పిల్లలకు ఇంగ్లీషులో భవిష్యత్తు చెప్పడం రావడం లేదని విద్యాభిమానులు కొంతకాలంగా దిగులు పడుతున్నారు. జరిగిపోయింది చెప్పమంటే ఏదో ఒక విధంగా చెబుతున్నారట, జరుగుతున్నది చెప్పమంటే కిటికీలోంచి చూసి చెబుతున్నారట, జరగబోయేది చెప్పమంటే మాత్రం నోరు మెదపడం లేదట. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటో తరగతి మొదలుకొని ఇంగ్లీషు మీడియం వచ్చింది కాబట్టి ఈ లోపాన్ని ఇక ఉపేక్షించడానికి వీల్లేదు. దాన్ని పరిశీలించి రావలసిన బాధ్యత ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుడినైన నా మీద పడింది. ఎందుకు పడిందని అడగకండి. పింఛను తీసుకునేవాడి మీద ఏదైనా పడుతుంది.

జూన్ నెల చివరి వారంలో దేవరకొండకూ కల్వకుర్తికీ నడుమ ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో తొమ్మిదో తరగతి వెనుక బెంచీ మీద మోకాళ్లు డెస్కుకు తగలకుండా వంకరగా కూర్చున్నాను. పాఠం పేరు ‘ప్రెడిక్షన్స్’. చెప్పే ఉపాధ్యాయురాలు చిన్న వయసు మనిషి, శ్రద్ధ గలవారు. రంగు సుద్దముక్కతో నల్లబల్లను నిట్టనిలువుగా రెండు చేసి, ఎడమ వైపు ‘విల్’ అనీ, కుడి వైపు ‘గోయింగ్ టు’ అనీ రాశారు. మనిషి తన అభిప్రాయంగా, నమ్మకంగా చెప్పే భవిష్యత్తుకు విల్ వాడాలి. కళ్లెదుట ఆధారం కనబడుతుండగా దాన్ని బట్టి చెప్పే భవిష్యత్తుకు గోయింగ్ టు వాడాలి. 2050లో అందరూ కరెంటు కార్లు నడుపుతారన్నది విల్. నిచ్చెన జారుతున్నది కాబట్టి ఆయన పడబోతున్నాడన్నది గోయింగ్ టు. మా కాలంలో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. మాకు నేనూ మేమూ అన్నచోట ‘షల్’, తక్కిన అందరికీ ‘విల్’ అని చెప్పి, తప్పితే బెత్తంతో సరిచేశారు.

రెండు స్తంభాల కింద ‘మే’, ‘మైట్’ అనే రెండు అనుమానపు మాటలను చిన్న అక్షరాలతో రాశారు. వాటికి తోడు ‘ప్రాబబ్లీ’ ఒకటి ఉన్నది. ఇది ‘విల్’ ఉన్నప్పుడు దాని వెనుక నడుస్తుంది, ‘వోంట్’ ఉన్నప్పుడు మాత్రం దాని ముందు నడుస్తుంది. ఇంగ్లీషులో అనుమానానికి కూడా ఎవరి వెనుక నిలబడాలో, ఎవరి ముందు నిలబడాలో మర్యాద తెలిసి ఉండాలన్న మాట. మన మండలాఫీసుల్లో పనిచేయడానికి ఇంతకు మించిన శిక్షణ ఉండదని నోటుబుక్కులో రాసుకున్నాను.

అంతలో అభ్యాసం వచ్చింది. ‘అదుగో నల్లమబ్బులు, వాన...’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంలో ఖాళీ నింపమని మూడో బెంచీ పిల్లవాడిని పిలిచారు. వాడు సుద్దముక్క తీసుకున్నాడు గాని బల్ల వైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు. నిజంగానే చెరువు కట్ట మీదుగా ఒక నల్లమబ్బు నిలబడి ఉన్నది. చింతచెట్టు కొమ్మలు ఎటు ఊగుతున్నాయో కాసేపు చూసి, ఖాళీలో ‘నాట్ గోయింగ్ టు’ అని రాసి, సుద్ద చేతిని నిక్కరుకు తుడుచుకున్నాడు. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. ఉపాధ్యాయురాలు గైడులో చూసుకొని, ‘నాట్’ చుట్టూ ఎర్రసుద్దతో సున్నా చుట్టి, ఎందుకు రాశావని అడిగారు. “గాలి ఇట్ల కొడ్తున్నది మేడం. గీ మబ్బు ఆగదు. రోజూ వస్తది, రోజూ పోతది” అన్నాడు. గైడులో గాలి సంగతి లేదు కాబట్టి మార్కు పోయింది.

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తడి చాలావరకు దింపుకొని, ఇటు వచ్చేసరికి చేతులు దులుపుకొంటాయి. అందుకే పాలమూరు ప్రాంతానికి ఏడాది మొత్తానికి దక్కేది 600 మిల్లీమీటర్ల అటూ ఇటూ. అటువంటి నేల మీద పుట్టినవాడు మబ్బును చూసి వాన అనడు, మబ్బును చూసి మబ్బు అంటాడు. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దన్న సామెతను వాళ్ల అమ్మమ్మలు కథగా చెప్పలేదు, నీళ్ల లెక్కగా చెప్పారు. బల్ల మీది నిర్వచనం ప్రకారమే చూసినా, గైడు ఒక్క ఆధారంతో జోస్యం చెప్పింది, పిల్లవాడు రెండింటితో చెప్పాడు. కాని ప్రజాజీవితంలో రెండో ఆధారం చూసేవాడు పైకి రావడం నేనైతే చూడలేదు. ఎర్రసుద్ద వాడి మేలు కోరే చుట్టిందని ఒప్పుకోవలసి వచ్చింది.

తర్వాత ఒక ఆడపిల్ల లేచింది. నాన్న దసరాకు వస్తాడా అన్న ప్రశ్నకు ‘హీ మే కమ్’ అని చెప్పింది. పూర్తి వాక్యం, తప్పు లేని వాక్యం. నమ్మకంగా చెప్పమ్మా, విల్ అనాలి అన్నారు మేడం. పిల్ల తల అడ్డంగా ఊపి, “గుంపు మేస్త్రి పంపిస్తెనే వస్తడు మేడం” అన్నది. తండ్రి కూలీల గుంపును నడిపే ఆ మేస్త్రి కింద పుణెలో కట్టడాల పనిలో ఉన్నాడట, ముందుగా తీసుకున్న బయానా దసరాకు ముందు తీరదట. ఇంగ్లీషులో ఈ మాటకు వేరే ఏర్పాటున్నది: ‘ఇఫ్’ పెట్టి షరతు చెప్పాలి, షరతు ఉన్న ముక్కలో విల్ రానీయకూడదు, వర్తమానమే ఉంచాలి, విల్ రెండో ముక్కలోకి జరగాలి. పిల్లకు కావలసింది అచ్చంగా ఆ వాక్యమే. అయితే ఆ పాఠం ఆగస్టులో ఉన్నదనీ, అప్పటిదాకా షరతులు లేకుండా చెప్పాలనీ మేడం నచ్చజెప్పారు. ఆ విధంగా ఆ తండ్రి జూన్‌లో తప్పనిసరిగా వస్తాడు, ఆగస్టులో మేస్త్రి దయ ఉంటే వస్తాడు.

ఈ పిల్లలు ఇంత మొండిగా అనుమానిస్తున్నారంటే కారణం వాళ్ల భాషలోనే వెతకాలి. మనకు ‘వస్తది’ అన్న మాట ఒకటే ఉన్నది. రోజూ వచ్చేదానికీ అదే, రేపు రాబోయేదానికీ అదే. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తద్ధర్మం అన్నది నిత్యం జరిగే ఈ పద్ధతినే. కల్వకుర్తి బస్టాండులో “దేవరకొండ బస్సు వస్తదా?” అని అడిగినవాడికి “వస్తది” అన్న జవాబు దొరికితే, అది టైంటేబుల్లో ఉన్న మాటో, ఈ సాయంత్రం నిజంగా వచ్చే బస్సో తేల్చుకోవడానికి అతడు మరో గంట నిలబడాలి. ఆ గంటలో పుట్టినవే మన అనుమానపు తోకలు. ‘వస్తదేమో’ అన్నది వేరు, ‘వస్తది గావొచ్చు’ అన్నది వేరు. ‘వచ్చేటట్టున్నది’ అన్నవాడు దూరాన దుమ్ము చూశాడు. ‘వస్తదట’ అన్నవాడు పూచీ ఇంకొకడి మీద వేశాడు. ‘రాకపోదు’ అన్నవాడు ఆకలితో ఉన్నాడు. ‘వస్తే వస్తది’ అన్నవాడు ఇంటికి నడక మొదలుపెట్టాడు. మే, మైట్ రెండూ కలిసి కూడా వీటిలో సగాన్ని మోయలేవు. ఇన్ని మెట్లు ఎక్కి దిగడం అలవాటైన పిల్లలను ఒక్క విల్ మీద నిలబెట్టాలంటే మేడంకు ఎంత శ్రమో చూడండి.

నిజానికి ‘విల్’ మా జిల్లాలకు బడి గుండా రాలేదు. ఆ ఇంగ్లీషు మాటకే పారసీ ‘నామా’ తగిలించుకొని, వీలునామాగా, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గుండా వచ్చింది. ఇంగ్లీషులో దాని మొదటి అర్థం కోరుకోవడం మాత్రమే, జరగడం కాదు. మనం ఆ సంగతి ముందే పసిగట్టి, చెప్పినవాడు పోయిన తర్వాత గాని అమల్లోకి రాని కాగితానికి ఆ పేరు పెట్టుకున్నాం. దానికి తోడు నిజాం కాలపు కచేరీ ఉర్దూ ఉండనే ఉన్నది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయిన నాటి సంగతి వదిలినా, ‘కల్ ఆవో’ అన్న గుమాస్తా మాట ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఉర్దూలో ‘కల్’ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. మా తాతలు భూమి కాగితాల కోసం తిరిగిన ఏళ్లన్నీ ఆ రెండర్థాల మధ్యనే గడిచాయి.

కాబట్టి పిల్లలకు నమ్మకంగా భవిష్యత్తు చెప్పడం నేర్పాలంటే స్థానిక నిపుణులను రిసోర్స్ పర్సన్లుగా పిలవాలని నా సూచన. మొట్టమొదట బోరు పాయింట్ చూసేవాడిని పిలవాలి. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని, ఎండలో చేను మీద నడుస్తూ, అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ మడమతో గీత గీసి, “మూడు వందల ఫీట్లకు రెండున్నర ఇంచులు పడ్తది” అని చెప్పేవాడు ఆ నల్లబల్ల మీది రెండు స్తంభాలనూ ఒక్క వాక్యంలో కలిపేశాడు. అభిప్రాయమూ అతనిదే, ఆధారమూ అతని చేతిలోదే. అతని వాక్యాల్లో ‘మైట్’ ఎన్నడూ వినలేదు. ఫీజు మాత్రం బోరు వేసే బండి రాకముందే తీసుకుంటాడు. ఇది వ్యాకరణానికి సంబంధించిన జాగ్రత్త, ఎందుకంటే బండి వచ్చి పొడి దుమ్ము లేచిన తర్వాత వాక్యం భూతకాలంలోకి పోతుంది.

ఉగాది నాడు పంచాంగం చదివే అయ్యవారిని కూడా పిలవవచ్చు గాని, ఆయన ఆదాయం ఎనిమిదీ వ్యయం పదకొండూ అని అంకెల్లో చెప్పి ఊరుకుంటారు. క్రియాపదమే లేని జోస్యంతో ఇంగ్లీషు పాఠం సాగదు. వాతావరణ శాఖ వారిని మాత్రం పొరపాటున కూడా పిలవకూడదు. వాళ్లు ఏప్రిల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన గురించి చెబుతూ, 87 సెంటీమీటర్ల దీర్ఘకాల సగటులో ఇంత శాతం అని ఒక అంకె వేసి, దాని పక్కనే 5 శాతం అటూ ఇటూ కావచ్చునని మరో అంకె వేస్తారు. 96 నుంచి 104 శాతం దాకా ఏది పడినా సాధారణమే అంటారు. ఎంత పొరపడవచ్చునో ముందే రాసి సంతకం పెట్టేవాళ్లు మా తొమ్మిదో తరగతిలో నాలుగుకు ఒకటిన్నర మార్కు తెచ్చుకోవడం కూడా కష్టం.

ఉన్నతమైన నమూనా కావాలంటే శిలాఫలకాలున్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పన్నెండేళ్లకు నిజమైన ఆ విల్‌ను నేను తప్పు పట్టను. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పోయింది, దేవరకొండ ఎత్తు మీద ఉన్నది. ఎవరికి వస్తాయన్న కర్త ఆ వాక్యంలో మొదటి నుంచీ స్పష్టంగానే ఉన్నా, మనం వినడంలో తేడా చేశాం. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది, 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో మొదటి పంపు తిరిగింది. దీన్ని ‘విల్ బి కమింగ్’ అనే కొనసాగింపు భవిష్యత్తుకు ఉదాహరణగా చూపవచ్చు, కొనసాగింపు విషయంలో ఎవరికీ అనుమానం లేదు. ఫలానా నాటికి పూర్తయి ఉంటుందని చెప్పే ‘విల్ హావ్ బీన్’ రూపానికి శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కన్నా మంచి ఉదాహరణ దొరకదనే అనుకునేవాడిని. 2005లో అనుమతి పొందిన, దాదాపు 44 కిలోమీటర్ల పొడవు ఉండవలసిన ఆ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయిన తర్వాత, దాన్ని పాఠానికి వాడుకోవడానికి నా చేయి రాలేదు. ఆ గడి ఖాళీగా ఉంచాను.

నా నివేదికలో ప్రధానమైన సిఫారసు మరొకటి ఉన్నది. జోస్యం చెప్పిన తేదీ, నిజమవుతుందన్న తేదీ రెండూ రాయించి, రెండో తేదీ వచ్చిన తర్వాతనే మార్కులు వేయాలని మొదట రాశాను. అప్పుడు పిల్లల కన్నా పెద్దలకు సున్నాలు ఎక్కువ వచ్చే ప్రమాదం ఉన్నదనీ, పదో తరగతి ఫలితాలు 2050 దాకా ఆగిపోతాయనీ ఒక మిత్రుడు హెచ్చరించడంతో కొట్టేశాను.

గంట కొట్టారు. మబ్బు చెరువు కట్ట దాటి శ్రీశైలం వైపు జరిగిపోయింది. చింతచెట్టు కింద ఎండ పడుతున్నది. ఉపాధ్యాయురాలు వరండాలోకి వచ్చి ఆకాశం వైపు ఒకసారి, చేతిలో గైడు వైపు ఒకసారి చూశారు గాని ఏమీ అనలేదు. పై పీరియడుకు పదో తరగతి ఉన్నది. మూడో బెంచీ పిల్లవాడు ఖాళీ సీసా పట్టుకొని నల్లా వైపు పోతుంటే ఆపి, “రేపు వాన పడుతుందా నాయనా?” అని అడిగాను.

“మార్కులకా సార్, ఉట్టిగనా?”

“మార్కులకే.”

“అయితే పడ్తది సార్” అని, నీళ్లు బందయ్యేలోపు సీసా నింపుకోవడానికి పరుగెత్తాడు.