సవరణ: మమ్మీ కణజాలాన్ని నానబెట్టే ద్రావణం

ఈజిప్టు మమ్మీల్లో పాత జబ్బుల ఆనవాళ్లను పరిశీలించిన వైద్యుడు మార్క్ ఆర్మాండ్ రఫర్ కృషిపై ఇంతకు ముందు వచ్చిన వ్యాసంలో, సూక్ష్మదర్శినిలో చూడటానికి ఎండిన మమ్మీ ముక్కలను 5 శాతం సోడియం కార్బొనేట్‌లో నానబెట్టాలని ఉంది. అది సరి కాదు. అలా చేస్తే ముక్క మెత్తబడి బురదలా విడిపోతుంది, పోయిన నమూనా మళ్లీ దొరకదు.

రఫర్ పద్ధతిలో 100 మి.లీ. ద్రావణానికి నీరు 50, ఆల్కహాల్ 30, 5 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణం 20 మి.లీ. కలపాలి. అంటే చివరికి మిగిలే సోడా 1 శాతమే. సోడా కణజాలాన్ని మెత్తబరుస్తుంది, ఆల్కహాల్ దాన్ని బిగపట్టి ఉంచుతుంది. ముక్క మరీ మెత్తబడుతున్నట్టు కనిపిస్తే ఆల్కహాల్ పెంచాలి. ఎన్ని గంటలన్నది ముక్క మందాన్ని, గట్టిదనాన్ని బట్టే, గడియారం చూసి తీసేది కాదు. తర్వాత శాండిసన్ అనే పరిశోధకుడు నీటికి బదులు 1 శాతం ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) వాడాడు. బూజు, బాక్టీరియా పట్టకుండా ఉండటానికి అది మంచి మార్పు.

ఇంకొకటి. 1910లో రఫర్ ప్రకటించిన షిస్టోసోమా (మనిషి రక్తనాళాల్లో బతికే పరాన్నజీవి పురుగు) గుడ్లు కాలేయంలో దొరికాయని ఆ వ్యాసంలోనే రాశారు, అదీ తప్పే. అవి 20వ రాజవంశానికి చెందిన రెండు మమ్మీల మూత్రపిండాల్లో, నిటారు నాళికల మధ్య దొరికాయి. సున్నం పట్టడం వల్లే అవి మిగిలాయి. చుట్టూ ఉన్న కణాల కేంద్రకాలు చాలాసార్లు రంగు పట్టవు. అందుకే అలాంటి స్లైడులో కణాల కన్నా గుడ్డు ఆకారాన్నే ముందు వెతకాలి: షిస్టోసోమాలో హెమటోబియం జాతి గుడ్డుకు ముల్లు కొసన ఉంటుంది, మాన్సోనీ జాతి గుడ్డుకు పక్కన.